పలుగురాయి మింగిన వెలుగు

ఒకప్పుడు పలుగురాళ్లు తమ వెలుగుని లోపల దాచుకునేవి కావు. చీకటి తగిలితే చాలు, కాగుతున్న పాలలా తెల్లగా మెత్తగా వెలిగేవి. ఏ కొండ వెనక ఏముందో, ఏ మట్టి కింద ఏముందో భూమి వాటికి చెప్పేది. అవి మనుషులకి చెప్పేవి.

ఆ రోజుల్లో బోడిగుట్ట కింద గొర్రెల కాపరుల గుడిసెలు ఇరవై దాకా ఉండేవి. వాళ్లలో ఐలవ్వ అనే పన్నెండేళ్ల పిల్ల ఉండేది. ఒకరోజు తప్పిపోయిన గొర్రెపిల్లని వెతుకుతుంటే ఆమె కాలికి కోడిగుడ్డంత రాయి ఒకటి తగిలింది.

"ఎండకి ఏమీ కనిపించడం లేదు. నన్ను కాస్త కప్పు," అంది రాయి.

ఐలవ్వ రాయిని ఒళ్లో పెట్టుకుని తల మీదుగా గొంగడి కప్పుకుంది. లోపల ఉన్ని వాసన, చిక్కటి చీకటి. రాయి మెల్లగా వెలిగింది. ఆ వెలుగులో గుట్ట తేలింది, రేగిపండంత. గుట్ట మీద పొద, పొదలో ఇరుక్కున్న గొర్రెపిల్ల. అది అరుస్తున్నట్టు నోరు కదులుతోంది గానీ చప్పుడు లేదు.

"ఒక్క మాట," అంది రాయి. "భూమి చెప్పిందే నేను నీకు చెప్తా. నేను చెప్పిందే నువ్వు వాళ్లకి చెప్పు. మధ్యలో నీది కలపకు. నేను చెప్పని రోజున చెప్పలేదనే చెప్పు."

"అంతేగా," అంది ఐలవ్వ.

ఇక చూడండి, రోజూ ఐలవ్వ గొంగడి ముందు జనం. ముసలి సాయవ్వ అయితే, "నా కోడలు నా ఎనక ఏమంటున్నదో అడుగవే," అంది.

"కోడళ్ల సంగతి భూమికి తెల్వదట అవ్వా," అంది ఐలవ్వ గొంగడిలోంచి.

"దానికీ భయమే అన్నట్టు," అంది సాయవ్వ.

ఆ ఏడు వాన రాలేదు. వాగు ఎండింది. గొర్రెలు నాలుకలు చాపి పడుకున్నాయి. ఐలవ్వ మేనమామ బీరయ్య మూడు చోట్ల గుంతలు తవ్వాడు. మూడింటిలోనూ దుమ్మే.

"ఇంకొక్క గుంత తవ్వే సత్తువే మిగిలింది బిడ్డా," అన్నాడు. "నీళ్లు ఏడున్నయో అడుగు."

ఐలవ్వ గొంగడి కప్పుకుంది. రాయి వెలిగింది గానీ లోపల ఏమీ తేలలేదు. పొగమంచులా ఉత్త తెలుపు.

"భూమి ఇంకా చెప్పలేదు," అంది రాయి. "రేపటిదాకా ఆగు."

బయట అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎవరో గుసగుసగా, "ఐలవ్వకి కనపడకుంట ఉంటదా," అన్నారు. ఆ మాట గొంగడిలోకి వచ్చి ఐలవ్వ చెంపకి వెచ్చగా తగిలింది. ఉత్త చేతులతో బయటికి ఎలా వెళ్లడం?

"తంగేడు పొద కాడ," అనేసింది.

రాయిలో వెలుగు నీళ్లు ఇంకినట్టు ఇంకిపోయింది.

బీరయ్య నాలుగు రోజులు తవ్వాడు. అడుగున బండ. పదకొండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. బీరయ్య పైకి వచ్చాడు, అరచేతులు పగిలి నెత్తురు కారుతోంది.

"ఆ రాయే మోసం చేసింది," అంది సాయవ్వ. "పగలగొట్టుండ్రి."

ఐలవ్వ రాయికి అడ్డంగా నిలబడింది. "రాయి ఏం చెప్పలే. నేనే చెప్పిన."

"ఎందుకు బిడ్డా?" అన్నాడు బీరయ్య. తిట్టినా బాగుండు, తిట్టలేదు.

"ఏం కనపడలేదని చెప్పనీకి సిగ్గయింది మామా."

అప్పుడు రాయి మాట్లాడింది, అందరికీ వినిపించేలా. "సాయవ్వ చెప్పినట్టే చేయండి. నన్ను పగలగొట్టండి. ఒక్కరి చేతిలో ఉంటే నా మాట ఎక్కడ ఆగిందో, వాళ్ల మాట ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ముక్కలు ఇద్దరు పంచుకుని చీకట్లో ఒకదానికొకటి రాపాడించండి."

"నీకు నొప్పి పుడతది," అంది ఐలవ్వ ఏడుస్తూ.

"నీ అబద్ధం పెట్టినంత కాదులే."

బీరయ్య గడ్డపారతో ఒక్క దెబ్బ వేశాడు. రాయి రెండు ముక్కలైంది. ఒకటి తను తీసుకున్నాడు, ఒకటి ఐలవ్వకి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే గొంగడి కింద దూరారు. ముక్కకి ముక్క తాకించి గట్టిగా రాశారు.

రెండు రాళ్ల లోపలా ఒక్కసారి వెలుగు కదిలింది, నిద్రలో కనురెప్ప కదిలినట్టు. కాలిన వాసన వచ్చింది. అంతే, మళ్లీ చీకటి.

"నోరు ఇప్పకు," అన్నాడు బీరయ్య. "నాకు వీపు పెట్టి నిలబడు. కనపడిన దిక్కు ఏలు పెట్టి చూపియ్యి. నేనూ చూపిస్త."

బయటికి వచ్చి వీపుకి వీపు ఆనించి నిలబడ్డారు. రెండు వేళ్లూ లేచాయి. రెండూ వాగు మలుపులో ఉన్న నల్లబండ వైపే.

ఈసారి అందరూ తవ్వారు. పొద్దువాలే వేళకి మట్టి చల్లబడింది. తర్వాత అరచేతిలో పట్టేంత నీళ్లు ఊరాయి, తర్వాత దోసెడు, తర్వాత గుంతెడు. ముందు గొర్రెలు తాగాయి. ఐలవ్వ అందరి తర్వాత తాగింది.

గుట్ట మీది పలుగురాళ్లన్నీ ఈ సంగతి విన్నాయి. ఒక్కొక్కటే తన వెలుగుని లోపలికి మింగేసింది.

అప్పటినుంచే ఒంటరి పలుగురాయి ఎంత చీకట్లో పెట్టినా వెలగదు, ఎంత బతిమాలినా పలకదు. రెండింటిని పట్టుకుని దుప్పటి కింద ఒకదానికొకటి రాస్తే మాత్రం లోపల ఒక్క రెప్పపాటు వెలుగు కదులుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ వెలుగులో ఏం కనిపించిందో అదేమీ చెప్పదు. పక్కన ఉన్నవాళ్లని అడిగి చూసుకోవాలి.