ఇరవయ్యొక్క ఫిరంగుల మర్యాద

కొమరరేవు రాజా జగ్గభూపతిగారు ఆ రోజు సభలో అడుగు పెడుతూనే ఒక మాట అన్నారు.

"యుద్ధం చెయ్యకూడదు. సంతకమూ పెట్టకూడదు. రేపు మధ్యాహ్నానికి ఆ ఓడ మన రేవు వదిలి పోవాలి. ఎవరివల్ల అవుతుంది?"

రేవులో పన్నెండు ఫిరంగుల సీమ ఓడ లంగరు వేసి ఉంది. దాని కెప్టెన్ హారుగ్రేవు దొర పంపిన కాగితం రాజుగారి చేతిలో ఉంది. రేవునీ, ఉప్పుమళ్ళనీ తమ దేశానికి రాసివ్వాలట. రేపు మధ్యాహ్నంలోగా ముద్ర పడకపోతే ఊరిని నేలమట్టం చేస్తారట. కాగితం చివర 'మీ ప్రియ స్నేహితుడు' అని రాసి ఉంది.

సేనాపతి సింగమనాయుడు మీసం దువ్వాడు. "సెలవిప్పించండి ప్రభూ. మన కోట ఫిరంగితో ఆ ఓడని ముంచేస్తాను."

"మనకున్నది ఒక్క ఫిరంగే కదయ్యా!"

"ఒక్కటైనా పెద్దది ప్రభూ."

అప్పుడు దుబాసీ బుచ్చెన్న లేచాడు. దొరల మాట మనకీ, మన మాట దొరలకీ చెప్పడం అతని ఉద్యోగం. ఊళ్ళో సముద్రానికి ఎదురుగా ఉన్న మొదటి ఇల్లు అతనిదే. ఆ కాగితం చదివి వినిపించిన దగ్గర్నుంచి, అరుగుమీద చింతపండు ఎండబెట్టుకుంటున్న భార్య రత్తమ్మే అతని కళ్ళలో మెదులుతోంది. మొదటి గుండు పడేది అక్కడే.

"ఓడమీదకి నేను వెళ్తాను ప్రభూ. తిరునాళ్ళకని బాణసంచావాళ్ళు చేసిన ఔట్లన్నీ కోటగోడ వెనక చేర్పించండి. నేను ఎర్రగుడ్డ ఊపినప్పుడల్లా సేనాపతిగారు ఇరవయ్యొక్క ఔట్లు పేల్చాలి. ఫిరంగిలో గుండు కూరి ఉంచండి. దాన్ని మాత్రం ముట్టించకూడదు."

ఔటంటే పురికొస బిగించి చుట్టిన గుప్పెడు మందు. చప్పుడు మాత్రం ఫిరంగికి ఏమాత్రం తీసిపోదు.

"నేను ఔట్లు ముట్టించాలా? ఈ చేతులతోనా?" అన్నాడు సేనాపతి.

"వేరే చేతులుంటే వాటితోనే కానివ్వండి" అన్నాడు బుచ్చెన్న.

ఆ సాయంత్రం హారుగ్రేవు దొర అతన్ని ఓడమీద కూర్చోబెట్టి మాట్లాడాడు. దొరకి రెండే ఇష్టాలు. ఒకటి ఫిరంగులు, రెండోది మర్యాదలు. ఎవరికి ఎంత వంగాలో, ఎన్ని ఫిరంగులు పేల్చాలో రాసిన పుస్తకం ఎప్పుడూ చంకలోనే ఉంటుంది.

"సంతకానికి ముందు మీ రాజుగారికి ఫిరంగులతో వందనం చేస్తామండి" అన్నాడు బుచ్చెన్న వినయంగా.

"చెయ్యండి. మీరెన్ని పేలిస్తే మేమూ అన్ని తిరిగి పేలుస్తాం. ఒక్కటి తగ్గినా మా రాజవంశానికి అవమానం."

"అయ్యో, ఆ వంశంలో పెద్దలెంతమందో మాకు తెలీదే! ఎవరినైనా మరిచిపోతే తప్పు కదండీ?"

దొర మురిసిపోయి స్వహస్తాలతో జాబితా రాసిచ్చాడు. రాజుగారూ, రాణిగారూ, తల్లిగారూ, ముగ్గురు తమ్ముళ్ళూ, వాళ్ళ భార్యలూ, మేనత్తలూ. ముప్పై నాలుగు పేర్లు తేలాయి.

పొద్దు పొడవగానే బుచ్చెన్న ఓడమీంచి ఎర్రగుడ్డ ఊపాడు. కోటలో ఇరవయ్యొక్కసార్లు ఢామ్మంది. దొర టోపీకి చెయ్యి ఆనించి నిటారుగా నిలబడ్డాడు. ఓడ ఫిరంగులు ఇరవయ్యొక్కసార్లు జవాబిచ్చాయి.

తరవాత రాణిగారికి. ఆ తరవాత తల్లిగారికి. మూడో తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఎండ చురుక్కుమంది.

ఫిరంగులవాడు వచ్చి దొర చెవిలో చెప్పాడు. "మందు సగమే ఉందండి."

"ఈ ఊరికి సగం చాలు. రాకుమారుడికి జవాబు ఎగ్గొట్టమంటావా?"

కాసేపటికి మళ్ళీ వచ్చాడు. "రెండు పీపాలే ఉన్నాయండి."

అప్పుడే పెద్ద మేనత్తగారికి కోటలో మోగడం మొదలైంది. ఆవిడ సంగతి దొరకి తెలుసు. ఎవరు ఎంత వంగారో గుర్తుపెట్టుకునే మనిషి. "పేల్చు" అన్నాడు దొర నీరసంగా.

పదకొండో పేరు ముగిసేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు. ఫిరంగులవాడు ఈసారి చెవిదాకా రాలేదు. ఖాళీ పీపాని డెక్కుమీద బోర్లించి ఊరుకున్నాడు.

దొర గొంతు సవరించుకున్నాడు. "చాలు. ఇక ముద్ర వెయ్యమను మీ రాజుని. లేకపోతే..." అని ఆగిపోయాడు.

"లేకపోతే?" అని మర్యాదగా అడిగాడు బుచ్చెన్న.

దొర బోర్లించిన పీపావైపు చూశాడు.

"ఇంకా ఇరవైమూడు మంది ఉన్నారండి. వాళ్ళకీ వందనం చేద్దామా?"

"నాకు జవాబివ్వడానికి మందు లేదు. ఆ సంగతి నీకు తెలుసు. మీకు మాత్రం ఏం మిగిలింది? పొద్దున్నుంచీ మీ ఫిరంగులూ పేలుతూనే ఉన్నాయిగా!"

బుచ్చెన్న చేతులు కట్టుకున్నాడు.

"అవి తిరునాళ్ళ ఔట్లు దొరగారూ. మాకున్నది ఒక్కటే ఫిరంగి. అది ఇంకా పేలలేదు, గుండుతో మీ ఓడవైపే చూస్తోంది."

దొర కోటవైపు చూశాడు. తన కొయ్య ఓడ వైపు చూశాడు. తన కాగితాన్ని తనే నాలుగు ముక్కలు చేసి, లంగరెత్తమన్నాడు.

"వెళ్ళే ఓడ కోటకి వందనం చెయ్యాలని మీ పుస్తకంలోనే ఉందట కదండీ?" అన్నాడు బుచ్చెన్న పడవలోకి దిగుతూ.

దొర మొహం కందగడ్డయింది. పాపం, ఆయన బాధ నిజమైనది. అది చూసి బుచ్చెన్న ఒడ్డు చేరగానే పడవలో ఒక బుట్టెడు ఔట్లు ఓడకి పంపించాడు. పన్నెండు ఫిరంగుల సీమ ఓడ మన బాణసంచావాళ్ళ ఔట్లు ఒక్కొక్కటే ముట్టించుకుంటూ, టోపీలు తీసి, రేవు దాటిపోయింది.

కోటగోడ మీద జగ్గభూపతిగారు లెక్కపెడుతూ పెడుతూ పదమూడు దగ్గర ఆపుకోలేక పకపకా నవ్వేశారు. సగం మీసం కాలిపోయిన సింగమనాయుడూ నవ్వాడు. రాజుగారు తన చేతి బంగారు మురుగులు రెండూ తీసి, రత్తమ్మ నవ్వుతూ చూస్తుండగా బుచ్చెన్న చేతులకి తొడిగారు.