నోరున్నవాళ్ళ బస్సు

దగ్గరికి జరగండమ్మా. స్తంభం పక్కన కూర్చున్న పెద్దాయన కూడా ఇటు రావాలి, మన మైకు సంగతి తెలిసిందే కదా. చాపల మీద ఇంకా చోటుంది. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. స్వామి దయవల్ల ఇవాళ ఒక చిన్న సంగతి చెప్పుకుందాం. చిన్నదే గానీ తియ్యగా ఉండదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి.

మా గురువుగారు నరహరి స్వాములవారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఆశ్రమం వంటకి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "అట్లాగా" అని ఊరుకునేవారు. అడిగినవాడి ముందుకు కూడా గుప్పెడు కాయలు తోసేవారు. వాడూ ఈనెలు తీయాలి. కాయలు అయిపోయేలోపు జవాబు ఏదో ఒక సంగతిలో కలిసి వచ్చేది. వచ్చిందని తెలియడానికి మాత్రం ఒక్కొక్కరికి ఏళ్ళు పట్టేది.

ఒకనాడు చెన్నకేశవులు వచ్చాడు. కంభం రోడ్డులో ఎరువుల దుకాణం ఆయనది. జపం పూర్తికానిదే షట్టరు ఎత్తని మనిషి. సాష్టాంగపడి లేచి, మొహంలో సంతోషం దాచుకోలేక అడిగాడు.

"గురువుగారూ, ఇదివరకు కళ్ళు మూసుకుంటే చాలు, లోపల ఎవడో కూర్చుని నన్ను పీక్కుతినేవాడు. ఆ రైతుకి అట్లా చెప్పావేం, మీ తమ్ముణ్ణి అంతమాట అన్నావేం అని. ఈమధ్య వాడి జాడే లేదు. అంతా నిశ్శబ్దం. శాంతి అంటే ఇదేనా?"

గురువుగారు "అట్లాగా" అన్నారు. కాయలు తోశారు. ఆ రైతు సంగతి గానీ తమ్ముడి సంగతి గానీ ఎత్తలేదు. కాసేపయ్యాక, హైవే పక్కన పొగాకు చేల మధ్య ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ సంగతి మొదలుపెట్టారు. ఆయన చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతాను.

బయటినుంచి కమిటీ వచ్చి కాలేజీకి గ్రేడు ఇస్తుంది. ఆ కమిటీ వచ్చేలోపు లోపలివాళ్ళే తమ లోపాలు వెతుక్కుని సరిచేసుకోవాలని, లోపలే ఒక నాణ్యతా విభాగం పెడతారు. ఆ కాలేజీలో దాన్ని చూసేది ప్రొఫెసర్ మృత్యుంజయరావుగారు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆయన కథ మనకెందుకు? నుదుట విభూతి, నోట శివనామం, ఒళ్ళు దాచుకోకుండా పని. గ్రేడు రాకపోతే వచ్చే ఏడు పిల్లలు చేరరు, పిల్లలు చేరకపోతే కాలేజీయే ఉండదు, ఇంతమంది పొట్టకూడు పోతుంది. ఆ బరువంతా తన నెత్తిన ఉందనుకున్నాడు.

కమిటీ వచ్చే ముందు ఆయన ఒక ఉత్తుత్తి కమిటీని కూర్చోబెట్టాడు. ముగ్గురు లెక్చరర్లు టైలు కట్టుకుని, జీడిపప్పు ప్లేట్ల వెనక కూర్చుని, పిల్లల్ని పిలిచి, మీకేమైనా ఇబ్బందులున్నాయా అని గంభీరంగా అడిగారు. చాలామంది లేవన్నారు. కొందరు లేచి మాట్లాడారు. వాళ్ళలో మూడో ఏడు ఎలక్ట్రికల్ చదివే చెంచులక్ష్మి ఒకతి. గిద్దలూరు దగ్గర పల్లెటూరి పిల్ల.

"సార్, మెషీన్స్ ల్యాబులో మూలనుండే మోటారు షాక్ కొడతంది. మేం చెప్పులేసుకునే ముట్టుకుంటాం. వానొస్తే చెప్పులున్నా కొడతంది" అంది.

అది చెంచులక్ష్మిని చూస్తేనే కొడతంది సార్ అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. రావుగారు నవ్వలేదు. వెళ్ళి చూశాడు. ఆ మోటారులోంచి కారిపోయే కరెంటుని భూమిలోకి పంపడానికి ల్యాబు బయట ఒక గుంత ఉంటుంది. బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలం నీళ్ళు పోస్తూ తడిగా ఉంచాలి దాన్ని. ఆ గుంత కనిపించలేదు. కమిటీ కోసం వేసిన కొత్త టైల్స్ కింద మూసుకుపోయింది. దానిమీద పూలకుండీల వరస కూడా పెట్టారు.

ప్రిన్సిపాలు దగ్గరికి వెళితే ఆయన తల పట్టుకున్నాడు. ఇప్పుడు పగలగొట్టి కమిటీకి మట్టి చూపిద్దామా రావుగారూ, వాళ్ళని సాగనంపి మర్నాడే తవ్వుదాం అన్నాడు. అదీ నిజమే అనిపించింది రావుగారికి. మరి ఆ పిల్ల కమిటీ ముందు కూడా ఇట్లాగే లేచి చెబితే? నిజం చెప్పొద్దని ఎవరికీ చెప్పలేడు ఆయన, దైవభీతి ఉన్న మనిషి. అందుకని ఒక ఉపాయం చేశాడు. ఎవర్నీ నోరు మూసుకోమనలేదు. ఉత్తుత్తి కమిటీ ముందు నోరు విప్పిన పిల్లలందర్నీ, కమిటీ వచ్చేరోజునే, శ్రీశైలం పవర్‌హౌస్ చూసి రమ్మని బస్సెక్కించాడు.

మీరు ఎంపికయ్యారు అని చెబితే వాళ్ళెంత మురిసిపోయారో. చెంచులక్ష్మి కొత్త పంజాబీ డ్రెస్సు వేసుకుని, బస్సెక్కే ముందు ఒక డబ్బా తెచ్చి రావుగారి చేతిలో పెట్టింది. నన్ను సెలెక్ట్ చేశారని చెబితే మా అమ్మ సజ్జబూరెలు చేసి మీకిమ్మంది సార్ అంది. ఆయన తీసుకున్నాడు. బస్సు గేటు దాటేదాకా చెయ్యి ఊపాడు. బూరెలు మాత్రం తినలేక, ఎదురొచ్చిన అటెండరు చేతిలో పెట్టేశాడు.

దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా బస్సులో ఒక కొంటె కుర్రాడు లేచి నిలబడి చుట్టూ చూశాడు. "ఒరేయ్, చూసుకున్నారా? ఆరోజు లేచి మాట్లాడినోళ్ళం తప్ప ఇందులో ఇంకోడు లేడు. ఇది టూరు కాదురా, నోరున్నోళ్ళ బస్సు" అన్నాడు. బస్సంతా పగలబడి నవ్వింది. చెంచులక్ష్మి కూడా నవ్వింది. పవర్‌హౌసులో అంతంత యంత్రాలు తిరుగుతుంటే, అక్కడి ఇంజనీరు ఏమైనా అడగండమ్మా అన్నా ఆ పిల్ల ఏమీ అడగలేదు.

అక్కడ కాలేజీలో కమిటీ అడిగింది. పిల్లలు ఒక్క గొంతుతో ఏ ఇబ్బందీ లేదన్నారు. ఇంత ప్రశాంతమైన కాలేజీని చూడలేదని కమిటీ పెద్ద మెచ్చుకున్నాడు. గ్రేడు వచ్చింది. గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు, బాణసంచా కాల్చారు, రావుగారికి శాలువా కప్పారు. ఆ మర్నాడు తవ్వలేదు. సన్మానాలన్నారు, దసరా అన్నారు, పరీక్షలన్నారు. టైల్స్ తళతళలాడుతూనే ఉన్నాయి.

కార్తీకం వచ్చింది. రావుగారు అయ్యప్ప మాల వేసుకున్నాడు. ప్రాక్టికల్ పరీక్షల రోజున ముసురు పట్టింది. పూజలో కూర్చుంటే ఆయనకి ఉన్నట్టుండి ఆ మోటారు గుర్తొచ్చింది. ఈమాట చెప్పేటప్పుడు మా గురువుగారి చేతులు ఆగిపోయాయి. గుర్తు చేసింది స్వామే అన్నారు. రావుగారు పూజ ముగించి, మాలలో ఉన్నాడు కాబట్టి చెప్పుల్లేని కాళ్ళతో, అప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచిన ల్యాబులోకి పరుగున వచ్చాడు. మూల మోటారు తిరుగుతోంది. దాని ముందు పరీక్షకి నిలబడింది చెంచులక్ష్మే.

"ఏమ్మా, ఇది ఇంకా షాక్ కొడుతోందా?" అని అడిగాడు.

నిజంగానే అడిగాడు. కొడతంది అంటే ఆ క్షణమే పరీక్ష ఆపించేవాడు, గడ్డపార తెప్పించేవాడు. ఆ పిల్ల ఆయన మొహం చూసింది. వెనక నిలబడ్డ బయటి కాలేజీ ఎగ్జామినర్నీ చూసింది. మాలలో ఉన్నవాళ్ళని ఎట్లా పిలవాలో అట్లాగే పిలిచింది.

"ఏం లేదు స్వామీ. అంతా బాగుంది."

గుండెల మీదనుంచి బరువు దిగినట్టయింది ఆయనకి. నిట్టూర్చి, ఆ మోటారు మీద అరచెయ్యి ఆనించాడు.

కేక పెట్టి పరిగెత్తి మెయిన్ స్విచ్చు ఆపింది కూడా ఆ పిల్లే. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి కాలింది. ఒంగోలు ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి ఆ పిల్ల చాలాసేపు ఏడ్చిందట. ఎందుకమ్మా అట్లా చెప్పావు అని ఆయన కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు.

"మీరు నిజంగా అడుగుతున్నారనుకోలేదు సార్" అందట.

తర్వాత టైల్స్ పగలగొట్టారు, గుంత తవ్వారు, మోటారు మార్చారు. గ్రేడు గ్రేడుగానే ఉంది. రావుగారి కుడిచేతి వేళ్ళు రెండు ఇప్పటికీ చాపుకోవు, నమస్కారం పెడితే చేతులు పూర్తిగా కలవవు. అట్లాగే చేతులు పెట్టి ఆయనే ఆశ్రమానికి వచ్చి ఈ సంగతి చెప్పుకున్నాడట మా గురువుగారికి. ఇప్పుడు రోజూ ల్యాబులో ఒక్కో పిల్ల దగ్గరా ఆగి, ఏమైనా ఇబ్బందా అమ్మా అని అడుగుతాడు. అంతా బాగుంది సార్ అంటారు. ఆయన వెళ్ళిపోడు. జవాబు విన్నాక కూడా అక్కడే నిలబడతాడు. ఇప్పటిదాకా ఎవరూ రెండో మాట చెప్పలేదు.

గురువుగారు ఆగారు. చెన్నకేశవులు చేతిలో కాయ చేతిలోనే ఉంది. మొహంలో సంతోషం ఎప్పుడు పోయిందో పోయింది. లోపలివాడు వెళ్ళిపోయాడా, ఉండి కూడా నాకు చెప్పడం మానేశాడా, ఎట్లా తెలుస్తుంది గురువుగారూ అని చిన్నగా అడిగాడు.

"వెళ్ళి కళ్ళు మూసుకుని కూర్చుని వాణ్ణే అడుగు నాయనా. అంతా బాగుందని వెంటనే వినిపిస్తే మాత్రం అప్పుడే లేవకు" అన్నారు గురువుగారు.

అమ్మలారా, అయ్యలారా, ఆ కాలేజీ, ఆ కమిటీ, ఆ గ్రేడు అన్నీ మరిచిపోండి. రావుగారు ఇప్పుడు చేసే ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఒకప్పుడు మీతో పోట్లాడి, ఈమధ్య అన్నిటికీ సరే అంటున్న మనిషి మీ ఇంట్లో ఒకరు ఉంటారు. ఇవాళ ఇంటికెళ్ళి వాళ్ళని అడగండి. ఏం లేదంటారు. కాసేపు అక్కడే నిలబడండి.