జాబితాలో మొదటి పేరు

గుంటూరులో ఇంజనీరింగ్ చివరి ఏడు చదువుతున్న శ్రీవత్స ఆ ఆదివారం కూడా సన్నాయి పాఠానికి చీరాల వెళ్ళాడు. వెళ్ళాడే గాని, వాద్యం సంచిలోంచి బయటికి తీయలేదు.

“ఏమైంది అబ్బాయ్?” అన్నారు గురువు బాజీ సాహెబ్.

శ్రీవత్స తల దించుకుని చెప్పుకొచ్చాడు. హాస్టల్లో కూర్చుని తనొక ప్రోగ్రామ్ రాశాడు. దానితో ఒకరి కంప్యూటర్లో ఉన్న పాట అడిగినవాళ్ళందరికీ చేరిపోతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి అది పది కాలేజీలకు పాకింది. ఇప్పుడొక రికార్డింగ్ కంపెనీ, తమ పాటలు దొంగతనంగా పంచాడని అతనిమీద దావా వేసింది. ఆ పాటలు పెట్టిన కుర్రాళ్ళ పేర్లు రాసిచ్చేస్తే అతన్ని వదిలేస్తామని కబురు పంపింది.

“ఆ పాటల్లో మీ పాత రికార్డులూ ఉన్నాయి గురువుగారూ. నేను దొంగనంటారా?”

“వాళ్ళ లాయరు నన్నూ కలుస్తానన్నాడు. ఇవాళే. రానీ,” అన్నారు సాహెబ్.

పదకొండింటికి లాయరు వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

“సాహెబ్ గారూ, మీ కష్టాన్ని వీళ్ళు వీధిలో పప్పుబెల్లాల్లా పంచిపెట్టారు. ఫిర్యాదులో మీరూ ఓ సంతకం చేస్తే మాకు బలం.” తర్వాత శ్రీవత్స వైపు తిరిగాడు. “పేర్లు తెచ్చావా?”

శ్రీవత్స చెయ్యి జేబులోకి వెళ్ళింది. నలభై మూడు పేర్లు. పొద్దున్నే రాసుకున్నాడు. రాస్తుంటే ఒక్కొక్కరి మొహం కనపడింది.

“ఉండు,” అన్నారు సాహెబ్. “లాయరు గారూ, ఓ తెల్ల కాయితం ఇలా ఇవ్వండి. పేర్లేగా కావాలి.”

కళ్ళజోడు పెట్టుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరే రాశారు.

లాయరు నవ్వాడు. “మీ పేరెందుకండీ? మీకసలు కంప్యూటరే లేదు.”

“నా పన్నెండో ఏట తంజావూరు విద్వాంసుడొకాయన మా ఊరి సత్రంలో నలభై రోజులు దిగాడు. తెల్లారగట్ల సాధన చేసేవాడు. గోడ వెనక నక్కి కూర్చుని ఆయన తోడి రాగమంతా పట్టేశాను. అడిగితే పొమ్మంటాడేమోనని అడగలేదు. మీ కంపెనీ నాచేత వాయింపించి రికార్డు చేసింది ఆ తోడినే.”

“అది వేరు సాహెబ్ గారూ.”

“వేరేనేమో. ఆయన పోయేలోగా ఒక్కసారైనా వెళ్ళి చెప్పుకోవాల్సింది. చెప్పుకోలేదు. ఇన్నాళ్ళకి మీరొచ్చి అడిగారు.”

శ్రీవత్స జేబులోంచి చెయ్యి తీశాడు. ఖాళీ చెయ్యి. గురువు చేతిలోని కలం అందుకుని, ఆయన పేరు కింద తన పేరు రాశాడు. కాయితం మడిచి లాయరుకి ఇచ్చాడు.

“మిగతావాళ్ళు?”

“ప్రోగ్రామ్ రాసింది నేనండీ.”

కేసు ఎనిమిది నెలలు నడిచింది. చేతికొచ్చిన ఉద్యోగం వెనక్కి పోయింది. కాలేజీలో చాలామంది భయపడి పలకరించడం మానేశారు, అందులో ఆ నలభై ముగ్గురిలోవాళ్ళూ ఉన్నారు. వాయిదా ఉన్న ప్రతిసారీ సాహెబ్ మాత్రం ప్యాసింజరు బండెక్కి గుంటూరు వచ్చి, కోర్టులో చివరి బెంచీమీద కూర్చునేవారు.

ఆఖరి రోజు శ్రీవత్స బోనెక్కాడు. పేర్లు చెప్పమని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఒకటే మాట: “రాసింది నేనండీ.” మూడోసారి, సన్నాయి అందుకునే ముందులా నిండా ఊపిరి తీసుకుని చెప్పాడు. మాట మారలేదు.

ప్రోగ్రామ్ మూసేయాలనీ, కంపెనీకి రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలనీ తీర్పు వచ్చింది. రెండూ చేశాడు. తీర్పులో ఇంకెవరి పేరూ లేదు.

బయటికి రాగానే కోర్టు మెట్లమీద కూర్చున్నాడు. సాహెబ్ వచ్చి పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి అతని చేతికిచ్చారు.

“ఇవాళ ఊపిరి బాగా నిలిచింది,” అన్నారు.