చీమల మాట వినని ఎలుగుబంటి

అనగనగా ఇప్పచెట్లు నిండిన ఒక అడవి. అందులో గండయ్య అనే ముసలి ఎలుగుబంటి. పెద్దరికం ఉంది, పంతం ఉంది. అంతకు మించి కోపం ఉంది. ఎప్పుడో తేనెపట్టు దగ్గర మూతి మీద కుట్టాయని చీమలతో మాటలు మానేశాడు.

ఈమధ్య గండయ్యకు ఒకటే నీరసం. నాలుగడుగులు వేస్తే చతికిలబడాలి. ఎన్ని నీళ్లు తాగినా నోరు పిడచగట్టుకుపోతోంది. "ఎండలు ముదిరాయి, అంతే" అనుకున్నాడు.

ఒకనాడు వైద్యం చేసే ముంగిసమ్మ వచ్చింది.

"తాతా, నువ్వు ఉచ్చ పోసిన చోట చీమలు బారులు కట్టాయి. నీ ఒంట్లో తీపి పెరిగింది. తేనె, ఇప్పపువ్వు మానెయ్. చేదు నేలవేము ఆకు నములు. లేకపోతే కాళ్లకు ముప్పు."

"చీమలా నాకు సాక్ష్యం? నా ఒళ్లు నాకు తెలీదూ! కొండలా ఉన్నాను. పొద్దస్తమానం చస్తున్నా, చస్తున్నా అని మూలిగే ఆ నక్కకు చెప్పుకో, పో!"

"నక్క దగ్గర ఒక్క చీమా చేరలేదు తాతా. దానిది భయం. నీది జబ్బు."

గండయ్య వినలేదు. ఆ పూటే కడుపునిండా ఇప్పపువ్వు తిన్నాడు.

కొన్నాళ్లకు నక్క ఎదురై కెవ్వుమంది. "అయ్యో తాతా! నీ పాదంలో తుమ్మముల్లు! నెత్తురు కారుతోంది!"

గండయ్య మీసం దువ్వాడు. "నాకు చీమ కుట్టినట్టైనా లేదురా. అదీ నా ఒళ్లంటే!"

ముల్లు లోపలే ఉండిపోయింది. పాదం వాచింది, చీము పట్టింది, కంపు కొట్టింది. నక్కే పరుగెత్తి ముంగిసమ్మను తెచ్చింది.

"కళ్లు మూసుకో తాతా. పాదం నొక్కుతాను. నొప్పి పుడితే చెప్పు."

గండయ్య కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపు ఆగినా ఏమీ లేదు. విసుగొచ్చింది.

"ఊఁ, నొక్కవేం?"

"నొక్కుతూనే ఉన్నాను తాతా. నా చెయ్యే నొప్పెడుతోంది."

గండయ్య కళ్లు తెరవలేదు. అలాగే అన్నాడు: "అయితే అది బలం కాదన్నమాట."

"కాదు తాతా. ఆ తీపే నీ పాదానికి స్పర్శ లేకుండా చేసింది. నొప్పి తెలిస్తే ఆ రోజే ముల్లు పీకేసేవాడివి."

ముంగిసమ్మ వైద్యంతో ప్రాణం దక్కింది. రెండు వేళ్లు పోయాయి. ఇక చెట్టెక్కే యోగం లేదు.

ఇప్పుడు గండయ్య రోజూ పొద్దున్నే పొద చాటుకు వెళ్లి ఉచ్చ పోసి, అలసటగా ఆ పక్కనే కూర్చుంటాడు. నేల వంక చూస్తాడు. చీమలు ఎక్కువైతే ఇంకో గుప్పెడు నేలవేము నములుతాడు.

ఒకరోజు ఓ చీమ పలకరించింది. "ఒంట్లో ఎలా ఉంది తాతా?"

గండయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మీరే చెప్పండి" అన్నాడు.

నీతి: బాగున్నానని మనం అనుకుంటే చాలదు, పరీక్ష కూడా ఆ మాట చెప్పాలి.