గవ్వ మెడలో వెండి గంట

అనగనగా, ఇంటింటా నువ్వుల నూనె దీపమే వెలుగైన కాలంలో, వెలగపట్నం అనే ఊరు ఉండేది. ఆ ఊళ్లో పోలిశెట్టి అనే నూనె వర్తకుడు ఉండేవాడు. మాట తప్పనివాడు, కొలత తగ్గించనివాడు, చీమను చూసి పక్కకు అడుగు వేసేవాడు. తాతముత్తాతల నాటి నుంచి ఆయన గడప లోపలికి మాంసం వచ్చి ఎరగదు.

పిల్లలు లేని ఆ ఇంట్లో ఒక పిల్లి పెరిగింది. వానలో తడిసి వణుకుతుంటే శెట్టే ఉత్తరీయంలో చుట్టి తెచ్చాడు. గవ్వలా ముడుచుకుని పడుకుంటుందని ఆయన భార్య లక్కమ్మ దానికి గవ్వ అని పేరు పెట్టింది. శెట్టి పూజకు కూర్చుంటే అదీ పక్కన కూర్చునేది. ఆయన కళ్లు మూసుకుంటే తానూ మూసుకునేది. పాలన్నం పెడితే గిన్నె అడుగు దాకా నాకేది.

"పూర్వజన్మలో ఇది ఏ మునో అయి ఉంటుందే!" అని శెట్టి మురిసిపోయేవాడు.

పాలన్నం తినే మాట నిజమే. కానీ నువ్వుల కొట్టులో ఒక్క ఎలుకైనా ఎందుకు లేదో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. లక్కమ్మకు తెలుసు. పొద్దున్నే కొట్టు ఊడుస్తుంటే చీపురుకు ఎలుక తోకలు తగిలేవి. ఎత్తి పారేసి ఊరుకునేది. ఆయన సంతోషం చెడగొట్టడం ఎందుకులే అనుకుంది. మంచి మనసుతోనే దాచింది, పాపం. ఆ దాపరికమే తరవాత చేటు తెచ్చింది.

మాంసం ముట్టని పిల్లి అని ఊరంతా పేరు పాకింది. నూనెకు వచ్చినవాళ్లు నూనె మరిచిపోయి పిల్లికి దండం పెట్టి వెళ్లేవారు. కొందరు బొట్టు కూడా పెట్టారు. అది తల విదిలించుకుంటే, "చూశారా, పొగడ్త కూడా గిట్టదు!" అన్నారు. లోకం సంగతి తెలిసిందేగా, వేలం వెర్రి.

ఒకనాడు నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉండగా, గవ్వ కొట్టులోంచి ఎలుకను పట్టుకొచ్చి శెట్టి పాదాల దగ్గర పెట్టింది. తన యజమానికి అదొక కానుక. శెట్టికి మాత్రం, ఇదే దాని మొదటి తప్పనుకుని, తల కొట్టేసినట్టయింది.

మర్నాడే కంసాలి చేత చిన్న వెండి గంట చేయించి, గవ్వ మెడకు కట్టాడు. "నీ చేత పాపం చేయనివ్వను తల్లీ" అన్నాడు. ఆ మాట ప్రేమతోనే అన్నాడు. పిల్లి కదిలితే గంట మోగేది, గంట మోగితే ఎలుకలు పారిపోయేవి. పిల్లి చేత కూడా పాపం చేయనివ్వని శెట్టి అని ఊరు ఇంకా పొగిడింది. సంగతి మహారాజు చెవిన పడింది. పంటలు ఇంటికొచ్చాక వచ్చే పున్నమికి తానే వచ్చి ఆ పిల్లికి పూలమాల వేసి సత్కరిస్తానని కబురు పంపాడు.

నెలలు గడిచాయి. గవ్వ వెంట్రుకలు రాలాయి. వీపు మీద ఎముకలు లెక్కపెట్టేలా తేలాయి. ఒక సాయంత్రం అది శెట్టి ఒళ్లోకి దూకబోయి, గురి తప్పి స్తంభానికి కొట్టుకుని కింద పడింది. దీపం దగ్గరికి తెచ్చినా దాని ఎడమ కన్ను రెప్ప వేయలేదు.

శెట్టి మొదట వైద్యుణ్ణి పిలిచాడు. వైద్యుడు కళ్లలో చుక్కల మందు వేసి, "వయసు మీద పడింది" అన్నాడు. మూడేళ్ల పిల్లికి వయసేమిటో ఆయనకే తెలియాలి.

తరవాత పురోహితుణ్ణి పిలిచాడు. ఆయన దిష్టి తీసి, తొమ్మిది రోజులు వెండి గిన్నెలో నెయ్యన్నం పెట్టమన్నాడు. తొమ్మిదో రోజుకు గవ్వ గిన్నె వాసన చూసి, మొహం తిప్పుకుని పడుకుంది.

మూడోసారి ఎవరినీ పిలవలేదు. సంతలో మేకమాంసం అమ్ముకునే తిప్పమ్మ దీపం నూనెకు వచ్చింది. ఎప్పటిలాగే గడప అవతలే నిలబడి, లోపల పడుకున్న పిల్లిని చూసింది.

"శెట్టిగారూ, కోప్పడనంటే ఒక మాట. మీ పిల్లికి జబ్బేమీ లేదు. ఆకలి."

"ఆకలా? మూడు పూటలా నా చేత్తో పెడుతున్నానే!"

"పెడుతున్నారయ్యా. ఆవుకు మాంసం పెడితే బతుకుద్దా? పిల్లికి వట్టి పాలన్నమూ అంతే. దాని ఒంటికి మాంసం కావాలి. అది లేకపోతే చూపు పోద్ది, ఆ తరవాత గుండె ఆగిపోద్ది. ముప్పై ఏళ్లుగా పిల్లుల మధ్య కూర్చుని మాంసం కొడుతున్నాను, నాకు తెలీదా?"

"మరి ఇన్నేళ్లూ ఎలా బతికింది?"

తిప్పమ్మ పిల్లి మెడలోని గంట వైపు వేలు చూపించింది. తలుపు చాటు నుంచి లక్కమ్మ బయటికి వచ్చింది. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"కొట్టులో తోకలు నేనే ఊడ్చి పారేసేదాన్నండీ. మీరు బాధపడతారని చెప్పలేదు. గంట కట్టిన రోజయినా చెప్పి ఉండాల్సింది."

శెట్టి గొంతు తగ్గించి, "తిప్పమ్మా, దీన్ని నీ ఇంటికి తీసుకుపో. ఏం పెడతావో పెట్టు. నాకు మాత్రం చెప్పకు" అన్నాడు.

తిప్పమ్మ తీసుకుపోయింది. రెండోనాడే తిరిగి తెచ్చింది. "ముట్టడం లేదయ్యా. మీ ఇంటి వైపే చెవులు పెట్టి కూర్చుంటోంది. తింటే మీ చేత్తోనే తింటది."

ఆ మాటతో శెట్టి పట్టుదల సడలిపోయింది. ఇటు తాతలనాటి నియమం, అటు తన పాదాలనే నమ్ముకున్న ప్రాణం. ఆయన వంగి, గవ్వ మెడలోని గంట విప్పి, పెరట్లో బావి గట్టు మీద పెట్టాడు.

"ఎలా పెట్టాలో చెప్పు" అన్నాడు.

"ఈ పొద్దు కోసిందే పెట్టాలి, నిన్నటిది వద్దు. ఉప్పూ కారం తగలనివ్వకండి. ఉడికించిన ఎముక అసలే వద్దు, గొంతులో గుచ్చుకుంటది. గుండెకాయ ముక్క మాత్రం మరవకండి. మిగిలింది విస్తరాకుతో సహా పారేసి, కత్తీ చేతులూ శుభ్రంగా కడుక్కోండి."

తిప్పమ్మ అప్పుడే కోసిన మాంసం తెచ్చిచ్చింది. అది మహారాజు వస్తానన్న పున్నమి రోజే. మహారాజు పొద్దెక్కాక వస్తాడనుకుంటే పొద్దునే వచ్చాడు. వెనక ఊరు ఊరంతా. ఇంట్లో ఎవరూ కనపడక పెరట్లోకి నడిచారు. అక్కడ బావి దగ్గర పోలిశెట్టి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు విస్తరాకు, వేళ్ల మధ్య పచ్చి మాంసం ముక్క. గవ్వ వాసన పట్టుకుని, తడుముకుంటూ వచ్చి, ఆ చేతిలోది తింటోంది.

జనం ముక్కున వేలేసుకున్నారు. శెట్టి చెయ్యి వెనక్కి దాచుకోవచ్చు. పనివాళ్ల మీదికి తోసేయవచ్చు. కానీ చెయ్యి కదిపితే గవ్వ తిండి ఆగిపోతుంది. అందుకని ఆయన కదల్లేదు.

"మాంసం ముట్టని ముని ఇదేనా?" అన్నాడు మహారాజు.

"ఇది ముని కాదు ప్రభూ, పిల్లి. దీన్ని చూసి నలుగురూ నన్ను పొగడాలన్న ఆశ నాది."

"మరి నీ నియమం ఏమైంది?"

"నియమం నాది ప్రభూ. ఆకలి దానిది. నా నియమాన్ని దాని మెడకు కట్టాను. దాని కన్ను తీసింది నేనే." అంటూ పోలిశెట్టి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

మహారాజు చేతిలోని పూలమాలను పక్కన పెట్టాడు. బావి గట్టు మీది గంటను అందుకున్నాడు.

"దీన్ని నా సభలో వేలాడదీస్తాను. నా పుణ్యం కోసం నేను ఇంకొకరి మెడకు ఏదైనా కట్టబోయిన నాడు, ఎవరైనా సరే దీన్ని మోగించండి" అన్నాడు.

గవ్వ బతికింది. వెంట్రుకలు మళ్లీ మొలిచాయి, కుడి కన్ను నిలిచింది. ఎడమ కన్ను మాత్రం తిరిగి రాలేదు. పోలిశెట్టి తన జన్మలో మాంసం రుచి చూడలేదు. కానీ రోజూ పొద్దున్నే తిప్పమ్మ తెచ్చిన తాజా మాంసాన్ని తన చేత్తోనే గవ్వకు పెట్టి, బావి దగ్గర స్నానం చేసి, అప్పుడు పూజకు కూర్చునేవాడు. గవ్వ పక్కన వచ్చి కూర్చునేది. దాని ఎడమ కన్ను చూసినప్పుడల్లా ఆయనకు మంత్రం తడబడేది.

కాబట్టి పిల్లలూ, మన నియమం మన కడుపు వరకే. మనల్ని నమ్ముకున్న ప్రాణికి దాని ఆకలి అడిగిందే పెట్టాలి.