గున్నమ్మ గేదె ఈనిన ఆదివారం

ఇందుమతికి రెండువందల ప్రశ్నలకి జవాబులు నోటికొచ్చు. అసలు చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

రాజాం దగ్గర ఒక పల్లెలో ఆవిడ పశువుల డాక్టరు. ముప్పై రెండేళ్ళుంటాయి. సర్కారు ఉద్యోగం, చుట్టుపక్కల మంచి పేరు. అయినా చిన్నప్పట్నుంచీ ఒకటే ఆశ, ఒంటిమీద మిలటరీ బట్టలు పడాలని. టెరిటోరియల్ ఆర్మీ అని ఒకటుందనీ, అందులో చేరితే చేస్తున్న ఉద్యోగం వదలక్కర్లేదనీ, పిలిచినప్పుడు వెళ్ళి అధికారిగా పనిచేసి రావచ్చనీ తెలిసిన రోజు ఆవిడ సంబరం చూడాలి! రాతపరీక్ష గట్టెక్కేసింది. ఇంటర్వ్యూలో పోయింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది కూడా.

ఈ ఏడు మళ్ళీ పిలుపొచ్చింది, బుధవారం నాడు రమ్మని. ఇదీ పోతే ఇంక ఆ ఊసే ఎత్తనని మొగుడితో అనేసింది. అన్నమాట మీద నిలబడే మనిషే.

ఆ ఊళ్ళోనే సుబేదారు లెంక సూరన్న గారున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో చేసి వచ్చినాయన. మాట తక్కువ, మీసం ఎక్కువ. ఇందుమతి ఆయన్ని గురువుగా పట్టుకుంది. ప్రతి ఆదివారం ఆయన తన వరండాలో కుర్చీ వేసుకుని ఇంటర్వ్యూ బోర్డువారిలా ప్రశ్నలడిగేవారు. ఆవిడ ఎదురుగా కూచుని జవాబులు చెప్పేది.

జవాబులంటే అలాంటిలాంటివా! వెన్ను నిటారుగా పెట్టి, గొంతు రెండింతలు చేసి, అధికారికి ఉండాల్సిన పదిహేను లక్షణాలూ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేది. ఒక్క తప్పు పోతే ఒట్టు.

సూరన్న గారు అంతా విని, ప్రతిసారీ ఒకటే మాట అనేవారు. "బావుంది. ఎవరిదమ్మా ఈ జవాబు?"

"నాదేనండీ."

"ఊహూఁ." అనేసి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఇందుమతికి ఒళ్ళు మండిపోయేది. తప్పేంటో నోరు విప్పి చెబితే ఆయన సొమ్మేం పోయింది? చివరికి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "సుబేదారు గారూ, ముక్కూ మొహం తెలియని ముప్పైమంది జవాన్లు నా మాట ఎందుకు వినాలి? కిందటేడు బోర్డువాళ్ళు అదే అడిగారు. ఏదో చెప్పాను. వాళ్ళలో ముందుకు వంగి వింటున్న ఆయన కాస్తా వెనక్కి జారబడ్డాడు. దీనికి ఏం చెప్పాలో కనీసం మీరైనా చెప్పండి."

"నాకూ తెలీదమ్మా," అన్నారాయన. నిజంగా తెలీనట్టే మొహం పెట్టారు.

ఇంటర్వ్యూ మూడు రోజుల్లో ఉందనగా ఆఖరి ఆదివారం వచ్చింది. ఇందుమతి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని అచ్చం బోర్డు ముందుకి వెళ్ళినట్టే వెళ్ళింది.

"తమరేం చేస్తుంటారు?" అని మొదలెట్టారు సూరన్న గారు.

"పశువైద్యురాలినండీ." ఒక్క ముక్కలో తేల్చేసి బట్టీపట్టిన దేశ సరిహద్దుల మీదికి ఎక్కబోయింది ఇందుమతి. ఇంతలో వీధిలోంచి కేక.

"డాక్టరమ్మా! ఓ డాక్టరమ్మా! నా గేది సచ్చిపోతన్నాదమ్మా!"

పక్కింటి గున్నమ్మ. జుట్టుముడి ఊడిపోయి, ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. తెల్లారగట్ల నుంచి గేదె నొప్పులు పడుతోందిట, దూడ బయటికి రావట్లేదుట.

ఇందుమతి సెలవైనా అడక్కుండా లేచిపోయింది. బండిలోంచి మందుల సంచీ తీసుకుని పరుగు. సూరన్న గారూ వెనకాలే వచ్చారు.

పశువులపాకలో పెద్ద తిరనాళ్ళే జరుగుతోంది. గున్నమ్మ మొగుడు పోలినాయుడు దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కుతున్నాడు. తవుడని ఎదురింటాయన, కండలు తిరిగిన మనిషి, దూడ కాలు ఒకటి పట్టుకుని లాగేయబోతున్నాడు. గేదె గుడ్లు తేలేస్తోంది.

"తవుడూ, చెయ్యి తియ్!"

ఇందుమతి గట్టిగా ఏం అనలేదు. అయినా తవుడు నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి తీసేశాడు.

ఇందుమతి చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, సబ్బునీళ్ళతో కడుక్కుని చెయ్యి లోపల పెట్టి చూసింది.

"దూడ బతికే ఉంది," అంది. "ఒక కాలు వెనక్కి మడతపడిపోయింది. ఇలాగే లాగితే తల్లీ పిల్లా రెండూ పోతాయి. ముందు సరిచెయ్యాలి. నాకూ భయంగానే ఉంది గున్నమ్మా. ఏదైనా తేడా వస్తే నీకు చెప్తాను, దాచను. నువ్వు దాని తల దగ్గర కూచుని మాట్లాడుతూ ఉండు. నీ గొంతు దానికి తెలుసు. నాయుడూ, మొక్కులు తర్వాత తీరుద్దువుగాని, వేణ్ణీళ్ళు పట్రా. తవుడూ, నీ బలంతో నాకు పనుంది, కానీ నేను అన్నప్పుడే."

ఏడుపు ఆగింది. మొక్కులు ఆగాయి. ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

పావుగంట పట్టింది. దూడని కాస్త వెనక్కి నెట్టి, మడతపడ్డ కాలిని గిట్ట పట్టుకుని మెల్లిగా ముందుకు తెచ్చి, రెండు కాళ్ళకీ తాడు కట్టింది. ఇస్త్రీ చొక్కా రంగు ఏదో చెప్పడం కష్టమైపోయింది. "ఇప్పుడు లాగు... ఆపు. దానికి నొప్పి రానీ... ఆఁ, ఇప్పుడు!" తవుడు లాగాడు. ఇందుమతీ లాగింది. దభీమని దూడ గడ్డి మీద పడింది, ఇందుమతి వెనక్కి పేడలో పడింది.

పెయ్యదూడ! నల్లగా నిగనిగలాడుతూ. ముక్కు తుడిచి గడ్డితో రొమ్ము రుద్దగానే తుమ్మింది. గున్నమ్మ అంత మనిషీ గంతేసింది.

తల్లి నీరసించిపోయింది. దాని మెడ నరానికి కాల్షియం ఎక్కించాలి. ఇందుమతి సూది గుచ్చి, పక్కన ఎవరున్నారో చూడకుండానే సీసా చేతికిచ్చేసింది. "ఎత్తి పట్టుకోండి. నేను చెప్పేదాకా దించకండి."

సీసా పైకి లేచింది.

ఆవిడ మందు మెల్లగా దిగేలా చూస్తూ మధ్యమధ్యలో గేదె గుండె చప్పుడు వింటూ కూచుంది. సీసా ఖాళీ అయ్యేసరికి గేదె తలెత్తి దూడని నాకడం మొదలెట్టింది. ఇందుమతి సూది తీసి, పైకి చూడకుండానే సీసా నుంచి గొట్టం లాగి చుట్టి సంచీలో పెట్టేసి, నూతి దగ్గరికెళ్ళి కడుక్కుంది. గున్నమ్మ అందరికీ బెల్లం పంచింది, గేదెకి అచ్చు మొత్తం పెట్టేసింది. వీధి వీధంతా వచ్చి దూడని చూసింది. పేరేం పెట్టాలని అప్పుడే తగువు కూడా మొదలైంది. ఇందుమతి బెల్లం చప్పరిస్తూ, ఒళ్ళంతా కంపు కొడుతూ, కడుపునిండా నవ్వుతూ నిలబడింది. అంత సంతోషం ఈ మధ్యకాలంలో ఆవిడ ఎరగదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఇంటర్వ్యూ! "అయ్యయ్యో, ఆఖరి ఆదివారం కాస్తా ఇలా అయిపోయింది. సుబేదారు గారేరీ?"

"పాకలోనే ఉన్నారమ్మా," అన్నాడు తవుడు. "దించీయండి బావూ అని నాలుగుసార్లు సెప్పినాను. ఇనరే!"

ఇందుమతి పాకలోకి పరిగెత్తింది.

సూరన్న గారు గేదె పక్కన, మడమలు రెండూ కలిపి నిటారుగా నిలబడి ఉన్నారు. కుడి చెయ్యి తలపైకి ఎత్తి ఉంది. చేతిలో ఖాళీ సీసా. అరవై ఎనిమిదేళ్ళ చెయ్యి, అంగుళమైనా కిందికి జారలేదు.

"ఎప్పుడో అయిపోయింది కదండీ! ఇంకా పట్టుకున్నారేంటి?"

ఆయన చూపు తిప్పలేదు. ఇన్నాళ్ళూ 'అమ్మా' అని పిలిచిన మనిషి, మొదటిసారి సైన్యంలో పై అధికారిని పిలిచినట్టు పిలిచారు.

"దించమని తమరు చెప్పలేదు, సాబ్."

ఇందుమతికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, వెనకే నవ్వూ తోసుకొచ్చింది. దూడ అప్పుడే లేచి నిలబడబోయి, కాళ్ళు తడబడి ఆయన పాదాల మీద కూలబడింది. ఆయన కదల్లేదు.

"దించండి, సుబేదార్ సాబ్," అంది, రోజూ మాట్లాడే గొంతుతోనే.

ఆయన చెయ్యి దించారు.