పీచమ్మ పెట్టిన ముద్దలు

ఒకప్పుడు చుక్కలన్నీ ఒకే సైజులో ఉండేవి. చిన్నవి, ఎర్రవి, బుద్ధిమంతులు. నిదానంగా వెలుగుతూ ఎంతకాలమైనా ఉండేవి. ఆ పద్ధతిని చెడగొట్టింది ఎవరనుకున్నారు? నేనే! నన్ను చూస్తే అంత ఘనకార్యం చేసినదానిలా కనిపించను, తెలుసు.

నా పేరు పీచమ్మ. చుక్కల మధ్య చీకట్లో సాగిన పొగ పోగుని. పొడుగే తప్ప లావు లేదు. నా తెలివీ అంతే, సాగుతుంది గానీ ఎక్కడా చిక్కగా ఉండదు. మేం అక్కచెల్లెళ్ళం ఐదుగురం, అందులో చిన్నదాన్ని నేను.

మా ఒంట్లోని పొగే పిల్లచుక్కలకు అన్నం. ఏ పోగు మీద పుట్టిన పిల్లకు ఆ పోగే పెట్టుకునేది. ఏ గొడవా లేదు.

ఒకసారి మా ఐదుగురి కొసలూ కలిసిన చోట ఒక పిల్లాడు పుట్టాడు. మినుకు అని పేరు పెట్టాం. పాపం, చలికి గజగజ వణుకుతున్నాడు. ఆరిపోతాడేమోనని నా గుండె గుభేలుమంది.

"అయ్యో నా బంగారం, ఎంత బక్కగా ఉన్నావురా!" అని ఒక ముద్ద పెట్టాను. తిన్నాడు. వణుకు తగ్గింది. అక్కడితో ఆపొచ్చుగా? ఆపితే నేను పీచమ్మనెలా అవుతాను!

"ఇది పెద్దమ్మ ముద్ద," అంది పెద్దక్క. "మరి నాది?" అంది రెండో అక్క. మిగతావాళ్ళు సరిగ్గా పెట్టలేదని మా ఐదుగురికీ అనుమానమే.

"చాలు పిన్నీ, కడుపు నిండింది," అన్నాడు మినుకు.

"మొహమాటమెందుకు నాన్నా, మేం పరాయివాళ్ళమా?" అని ఇంకోటి కుక్కాను.

వాడు ఉబ్బాడు. ఎరుపు పోయి తెల్లబడ్డాడు, తెలుపు పోయి నీలమయ్యాడు.

"పిన్నీ, నిజంగానే వద్దు! లోపల మండిపోతోంది. దగ్గరికి రాకు, నా వేడికి చెదిరిపోతావు!"

"చూశావా అక్కా, నేనంటే వీడికెంత ప్రేమో!" అని మురిసిపోయాను. అప్పటికే నా ఒళ్ళు సగం ఎగిరిపోయింది. ఆ సంగతి కూడా నాకు అక్కే చెప్పింది.

ఆ వేడి గాలికి ఐదుగురం తలో దిక్కుకు కొట్టుకుపోయాం. పోతే పోయాం, బాగా పెట్టాం కదా, వాడు కలకాలం ఉంటాడనుకున్నాను. నా మొహం! ఎంత పెద్దవాడైతే అంత గబగబా తగలబడతాడని నాకేం తెలుసు?

ఎన్నాళ్ళో కాలేదు, దూరం నుంచి వాడి గొంతు వినిపించింది.

"పిన్నీ, ఆకలేస్తోంది."

పుట్టిన దగ్గర్నుంచీ వాడు నోరు తెరిచి తిండి అడిగింది అదొక్కసారే. ఒళ్ళంతా తడుముకున్నాను. చిటికెడు పొగ కూడా మిగల్లేదు.

"లేదు నాన్నా," అన్నాను. ఏడుపు ఆగలేదు. వాడు ఒక్కసారి భగ్గున వెలిగి ఆరిపోయాడు.

అప్పటినుంచే పొగ పోగులన్నీ కలిసే చోట పెద్ద చుక్కలు పుడుతున్నాయి. నీలంగా భగభగమంటూ, తిండి పెట్టిన పోగుల్నే చెదరగొడుతున్నాయి. ఒంటిపోగు మీది చిన్న చుక్కలు ఇంకా ఎదుగుతుండగానే, ఈ పెద్దవి ఆరిపోతున్నాయి.